తూర్పుగాలిని నమ్ముకుని: బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో మోనోహల్ తెరచాప పడవ అద్దెకి తీసుకుని వారం తిరగడం ఎలా

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళలో చాలామందికి కరీబియన్ అంటే క్రూయిజ్ షిప్పే. వేలమందితో పాటు దిగడం, నాలుగు గంటలు తిరగడం, మళ్ళీ వరసలో నిలబడి ఎక్కేయడం. అదే సముద్రంలో నలుగురైదుగురు కలిసి ఒక తెరచాప పడవ అద్దెకి తీసుకుంటే, ఏ పూట ఏ దీవి పక్కన ఆగాలో మీరే తేల్చుకోవచ్చు. దీనికి కోట్లు ఉండక్కర్లేదు. ముందుచూపు మాత్రం బాగా ఉండాలి.

కొత్తవాళ్ళకి బ్రిటిష్ వర్జిన్ దీవుల్ని మించిన చోటు నాకు కనిపించలేదు. పడవలు అద్దెకిచ్చే మూరింగ్స్ కంపెనీ 1969లో ఆరు పడవలతో ఇక్కడే మొదలైంది. ఇప్పుడు టార్టోలా దీవి రేవుల నిండా అద్దె పడవలే. టార్టోలాకీ దక్షిణాన వరసగా ఉన్న చిన్న దీవులకీ మధ్య సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ ఛానెల్ ఉంది. చుట్టూ దీవులు అడ్డం కాబట్టి పెద్ద అలలు లోపలికి రావు. ఒక దీవి దగ్గర నిలబడితే తర్వాతి దీవి కంటికి కనిపిస్తుంది. ఆటుపోట్ల తేడా అడుగు, అడుగున్నర మించదు. అన్నిటికంటే ముఖ్యం, ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి తూర్పు వైపు నుంచే వీస్తుంది. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే పడవ ఎంపిక, దారి, వంట వేళ అన్నీ దాని వెనకే వస్తాయి.

1. మోనోహలా, కాటమరానా?

ఏజెంటుకి ఫోన్ చేయగానే కాటమరాన్ చూపిస్తాడు. రెండు పొట్టలు (నీళ్ళలో తేలే భాగాలు), మధ్యలో హాల్, ఏసీ గదులు, కదలని కాఫీ కప్పు. మోనోహల్‌కి పొట్ట ఒకటే, దాని కింద ఇనుముతోనో సీసంతోనో చేసిన బరువైన కీల్. గాలి తెరచాపని నొక్కితే పడవ పక్కకి ఒరుగుతుంది, కీల్ వెనక్కి లాగుతుంది. మామూలు గాలిలో 15, 20 డిగ్రీల ఒరుగు సహజం. మొదటిసారి ఎక్కినవాళ్ళకి గుండె జారుతుంది కానీ, పడవ ఒరిగేకొద్దీ తెరచాప మీద గాలి పట్టు తగ్గుతుంది, కీల్ లాగుడు పెరుగుతుంది. భయపడినంత సులువుగా తిరగబడదు.

ఎదురుగాలిలో మోనోహల్ మేలు. గాలికి ఇంచుమించు 45 డిగ్రీల కోణం దాకా దగ్గరగా వెళ్ళగలదు. అద్దె కాటమరాన్లు అంత దగ్గరికి పోలేవు. అందుకే డ్రేక్ ఛానెల్లో తూర్పుకి వెళ్ళే కాటమరాన్లు చాలావరకు తెరచాపలు చుట్టేసి ఇంజన్ మీద పోతుంటాయి. ఖర్చు చూసినా, 40 అడుగుల మోనోహల్ వారానికి సీజన్ కానప్పుడు ఇంచుమించు 3,000 నుంచి 4,000 డాలర్లు, సీజన్లో 5,000 నుంచి 7,000. అన్నే గదులున్న కాటమరాన్‌కి దాదాపు రెట్టింపు.

అమ్మానాన్నల్నో అత్తమామల్నో తీసుకెళ్తున్నారా? మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఉన్నారా? అప్పుడు నిస్సంకోచంగా కాటమరాన్ తీసుకోండి. మోనోహల్లో గదుల్లోకి నిటారు మెట్లు దిగాలి, ఒరిగిన నేల మీద ఏదో ఒకటి పట్టుకుని నడవాలి. సముద్రం మధ్యలో మంచి గది కావాలనుకునేవాళ్ళకి కాటమరాన్, పడవ నడపడమే సెలవు అనుకునేవాళ్ళకి మోనోహల్.

2. నడిపేది ఎవరు?

పడవ మాత్రమే అద్దెకి తీసుకుని మీరే నడుపుకుంటే బేర్‌బోట్. ఇక్కడ దీనికి ప్రభుత్వ లైసెన్సు అడగరు. కంపెనీ మీ సెయిలింగ్ రెజ్యూమె అడుగుతుంది. ఎంత పొడవు పడవ, ఏ నీళ్ళలో, మీరు స్కిప్పరా (పడవ నడిపే కెప్టెనా) లేక సాయం చేశారా, లంగరు వేసి ఎన్ని రాత్రులు గడిపారు వంటివి రాయాలి. ఉద్యోగం రెజ్యూమెలాగా దీన్ని పెంచి రాయొద్దు. చుక్కాని మీ చేతికిచ్చిన పది నిమిషాల్లో వాళ్ళకి సంగతి తెలిసిపోతుంది, అనుమానం వస్తే మీ ఖర్చుతోనే వాళ్ళ స్కిప్పర్‌ని ఎక్కిస్తారు.

నేర్చుకోవాలంటే అమెరికన్ సెయిలింగ్ సంస్థ 101, 103, 104 కోర్సులు వరసగా చేయడం మంచి దారి. 104 అంటే బేర్‌బోట్ కోర్సే. హ్యూస్టన్ వాళ్ళకి కీమా, డాలస్ వాళ్ళకి లేక్ టెక్సోమా, కాలిఫోర్నియా వాళ్ళకి శాన్‌ఫ్రాన్సిస్కో బే అందుబాటులో ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు హుస్సేన్‌సాగర్‌లో యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ దగ్గర మొదలుపెట్టొచ్చు. చిన్న పడవల మీద గాలి ఎటు నుంచి వస్తోందో ఒంటికి తెలియడం వస్తుంది, ఆ తెలివి పెద్ద పడవల మీద అంత తొందరగా రాదు. కాకపోతే 40 అడుగుల పడవని రేవులో పెట్టడం, లంగరు వేయడం వేరే విద్య, అది విడిగా నేర్చుకోవాల్సిందే.

స్కిప్పర్‌ని పెట్టుకుంటే రోజుకి 250, 300 డాలర్ల దాకా, పైన భోజనం, పడుకోవడానికి ఒక గది, చివర్లో టిప్పు. చాలామందికి తెలియని మధ్యేమార్గం ఒకటుంది. మొదటి రెండు రోజులకే స్కిప్పర్‌ని అడగండి. మూరింగ్ (పడవ కట్టే తేలే బంతి) పట్టుకోవడం, లంగరు, తెరచాప కుదించడం ఆయన పక్కనుండగా మీ చేతుల మీదుగా చేయండి. ధైర్యం కుదిరాక ఆయన దిగిపోతారు. కోర్సు చేసి కూడా టెన్షన్ పడేవాళ్ళకి ఇంతకంటే మంచి ఖర్చు లేదు.

ఇంకొకటి. నడిపేవాళ్ళు ఒక్కరే ఉంటే సరిపోదు. స్కిప్పర్‌కి జ్వరం వస్తే ఇంజన్ వేసి పడవని రేవు దాకా తేగల రెండో మనిషి పడవలో ఉండాలి.

3. ఎప్పుడు?

డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ దాకా సీజన్. గాలి 15 నుంచి 20 నాట్స్ (గంటకి దాదాపు 28 నుంచి 37 కిలోమీటర్లు). డిసెంబరు చివర, జనవరిలో 'క్రిస్మస్ విండ్స్' అని 25, 30 నాట్స్ రోజుల తరబడి వీస్తాయి. మనవాళ్ళకి సెలవులు దొరికేదీ అప్పుడే, అదే చిక్కు. కొత్తవాళ్ళకి ఆ వారాలు నేను చెప్పను. మే, జూన్ నెలలు హాయిగా ఉంటాయి. గాలి కాస్త మెత్తబడుతుంది, అద్దె తగ్గుతుంది, పిల్లలకి స్కూలు సెలవులూ కలిసొస్తాయి.

తుపానుల కాలం లెక్కప్రకారం జూన్ 1 నుంచి నవంబరు 30. అసలు భయం ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరుల్లో. 2017 సెప్టెంబరు 6న ఇర్మా తుపాను ఈ దీవుల మీదుగానే పోయింది. భద్రమని పరాకీటా బేలో కట్టేసిన అద్దె పడవలు వందలకొద్దీ ఒకదాని మీద ఒకటి పడి నుజ్జయ్యాయి. ఆ నెలల్లో అద్దె చవగ్గా కనిపిస్తే కారణం అదే. జూన్ తర్వాత వెళ్ళేవాళ్ళు ట్రిప్ ఇన్సూరెన్స్ బుకింగ్ చేసిన వారంలోనే తీసుకోవాలి. తుపానుకి పేరు పెట్టేశాక తీసుకున్న పాలసీ ఆ తుపానుకి పనికిరాదు.

4. వీసా సంగతి పడవ కంటే ముందు

మనవాళ్ళు దెబ్బతినే చోటు ఇది. పక్కపక్కనే ఉన్నా అమెరికన్ వర్జిన్ దీవులు అమెరికా భూభాగం, బ్రిటిష్ వర్జిన్ దీవులు బ్రిటన్ అధీనంలోవి. సెయింట్ థామస్‌లో విమానం దిగి టార్టోలా ఫెర్రీ ఎక్కారంటే అమెరికా దాటినట్టే. తిరిగి రావాలంటే పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే వీసా స్టాంపు ఉండాలి. కెనడా, మెక్సికోలకి 30 రోజుల లోపు వెళ్ళొస్తే పాత స్టాంపుతో రానిచ్చే సడలింపు దీవుల విషయంలో హెచ్‌1బీ వాళ్ళకి వర్తించదు. స్టాంపు అయిపోయి ఐ-797 అనే ఆమోద కాగితం మీద నెట్టుకొస్తున్నవాళ్ళు ఈ ప్లాన్ పెట్టుకోవద్దు. అలాంటివాళ్ళు సెయింట్ థామస్, సెయింట్ జాన్ దీవుల చుట్టూనే పడవ తీసుకోవచ్చు. సముద్రం అదే, గాలీ అదే.

అమెరికా, కెనడా, యూకే వీసాల్లో ఏదో ఒకటి చెల్లుబాటులో ఉన్న ఇండియన్ పాస్‌పోర్టుదారులకి పర్యటన కోసం విడిగా వీసా అడగరు. అయినా టికెట్లు కొనే ముందు అక్కడి ఇమిగ్రేషన్ శాఖ చెప్పే తాజా నియమం చూసుకోండి. దారులు రెండు. మయామీ నుంచి నేరుగా బీఫ్ ఐలాండ్ విమానాశ్రయానికి, లేదా సెయింట్ థామస్‌లో దిగి గంట సేపు ఫెర్రీలో టార్టోలాలోని రోడ్ టౌన్‌కి. ఫెర్రీ దారి చవక, కానీ సాయంత్రం ఆఖరి ఫెర్రీ తప్పితే ఆ రాత్రి సెయింట్ థామస్‌లోనే. పడవ తీసుకునే రోజుకి ఒక రోజు ముందే చేరండి.

5. పడవ ఎంపిక, ఒప్పందం, డబ్బు

'ఎనిమిదిమంది పడుకోవచ్చు' అని ప్రకటనలో ఉంటే, ఇద్దరు భోజనాల బల్ల మీద పరుపు వేసుకుని పడుకుంటారని అర్థం. మూడు గదుల 40 అడుగుల పడవకి నలుగురు బాగా, ఐదుగురు పర్వాలేదు. ముందు భాగంలోని గది అందంగా ఉంటుంది, లంగరు వేసినప్పుడు గాలి బాగా తగులుతుంది, ప్రయాణంలో మాత్రం అక్కడే ఎక్కువ ఊగుతుంది. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవాళ్ళకి అది ఇవ్వొద్దు. టాయిలెట్లు రెండు ఉన్న పడవే చూడండి. ఈ ఒక్క విషయంలో పిసినారితనం వద్దు.

పెద్ద తెరచాప స్తంభం లోపలికి చుట్టుకునే రకమా, మడత పడే రకమా అని అడగండి. చుట్టుకునేది సులువు, కానీ సరిగా లాగకపోతే సగంలో ఇరుక్కుంటుంది, అదీ గాలి పెరిగినప్పుడే. నన్నడిగితే మడత పడే పాత పద్ధతే మేలు. కష్టపడి ఎత్తాలి, కిందికి మాత్రం తాడు వదిలితే దిగిపోతుంది.

ఒప్పందంలో డ్యామేజ్ గురించి రెండు దారులుంటాయి. కొన్ని వేల డాలర్ల డిపాజిట్ కట్టి తిరిగి తీసుకోవడం, లేదా తిరిగిరాని చిన్న మొత్తం కట్టి బాధ్యత తగ్గించుకోవడం. కొత్తవాళ్ళకి రెండోదే నయం. మినహాయింపులు మాత్రం చదవండి. తాళం వేయని డింగీ (ఒడ్డుకి వెళ్ళే చిన్న పడవ) పోయినా, వెళ్ళొద్దన్న చోట పగడపు దిబ్బకి తగిలించినా ఆ కవరు సాధారణంగా వర్తించదు. చీకటి పడ్డాక ప్రయాణం చేయకూడదని కూడా అందులోనే ఉంటుంది.

అద్దె మీద ఇంకా ఏమేం పడతాయో ముందే రాసి పంపమనండి. క్రూయిజింగ్ పన్ను, నేషనల్ పార్క్స్ పర్మిట్, డీజిల్, నీళ్ళు, రాత్రుళ్ళు ఆగే మూరింగ్ రుసుము. ప్రభుత్వ రుసుములు ఈమధ్య పెరిగాయి, పాత వీడియోల్లో చెప్పే లెక్కలు నమ్మొద్దు. మొత్తం కలిపితే అద్దె మీద ఇంకో మూడో వంతు చేతిలో ఉంచుకోవడం మంచిది.

6. సామాన్లు, వంట

గట్టి సూట్‌కేసులు తీసుకెళ్ళొద్దు, పడవలో పెట్టే చోటే ఉండదు. మడతపెట్టే సంచులే తీసుకోండి. తెల్ల అరికాలు చెప్పులు, పొడుగు చేతుల చొక్కాలు, పోలరైజ్డ్ కళ్ళజోడు తప్పనిసరి. సన్‌స్క్రీన్ జింక్ రకం తీసుకోండి. పగడాలకి హాని చేసే ఆక్సీబెంజోన్ రకాలని అమెరికన్ వర్జిన్ దీవులు 2020 నుంచి నిషేధించాయి, ఆ దారిన వెళ్ళేవాళ్ళకి ఎటూ పనికిరావు.

వంటింట్లో రెండు, మూడు బర్నర్ల గ్యాస్ స్టవ్ ఉంటుంది. పడవ ఒరిగినా స్టవ్ తిన్నగా ఉండేలా ఊగే కడ్డీల మీద వేలాడుతుంది. దాని గొళ్ళెం తీసి ఊగనివ్వాలి, గిన్నెల్ని మాత్రం అంచు క్లిప్పులతో బిగించాలి. మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్ళండి. మూత బిగుసుకుంటుంది కాబట్టి ఊగే పడవలో దానంత భద్రమైన గిన్నె లేదు, గ్యాస్ కూడా కలిసొస్తుంది. వంట మాత్రం పొద్దున్న బయల్దేరకముందు లేదా సాయంత్రం ఆగాక. నడుస్తున్నప్పుడు వేడి గిన్నె జోలికి పోవద్దు. వంటగట్టు ఎత్తైన వైపు పడితే గిన్నె దొర్లి నేరుగా వండే మనిషి మీదికే వస్తుంది.

పొద్దున్నే కలిపిన పులిహోర మధ్యాహ్నం ఒరిగిన పడవలో ఒక చేత్తో స్టీలు గిన్నె పట్టుకుని తినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. దద్దోజనం ఇంకా నయం, కడుపు తిప్పేవాళ్ళకి చలవ. కందిపొడి, కారప్పొడి, ఒక చిన్న సీసా ఆవకాయ చాలు. నెయ్యి అక్కడి ఎండకి నూనెలా కరిగిపోతుంది, మర మూత సీసాలోనే పెట్టండి. మాంసం పచ్చళ్ళు సరిహద్దులో తలనొప్పి, వదిలేయండి. బియ్యం, కూరగాయలు, పెరుగు రోడ్ టౌన్ సూపర్‌మార్కెట్లలో దొరుకుతాయి. అన్నీ ఓడల్లో రావాల్సినవే కాబట్టి ధరలు చూసి నోరెళ్ళబెట్టకండి.

తాగే నీళ్ళు క్యాన్లలో విడిగా, మనిషికి రోజుకి మూడు, నాలుగు లీటర్ల లెక్కన. ట్యాంకు నీళ్ళు వాడకానికి. నలుగురు ఇంట్లోలాగా స్నానం చేస్తే రెండో రోజుకే ట్యాంకు ఖాళీ. సముద్రంలో మునిగి, వెనక మెట్ల దగ్గరున్న షవర్‌తో ఒక్కసారి పోసుకోవడం ఇక్కడి పద్ధతి. ఫ్రిజ్ బ్యాటరీ మీద నడుస్తుంది, పొద్దునా సాయంత్రం గంట చొప్పున ఇంజన్ వేయకపోతే పెరుగు పులిసిపోతుంది.

మన ఇళ్ళల్లో అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఒకటుంది. టాయిలెట్ గదిలో చేతి షవర్ ఉంటుంది, మన అలవాటుకి అది చక్కగా సరిపోతుంది. పైగా కాగితం వేస్తే పైపు మూసుకుపోతుందని కంపెనీవాళ్ళే మొత్తుకుంటారు.

7. పడవ అప్పగించుకునే రోజు

బ్రీఫింగ్‌లో మ్యాపు పరిచి ఎక్కడికి వెళ్ళాలో, ఎక్కడికి వెళ్ళకూడదో చెప్తారు. నోట్సు రాసుకోండి. అమెరికా ఖండాల పద్ధతి ప్రకారం రేవులోకి వచ్చేటప్పుడు ఎర్ర బోయ్ (దారి చూపే తేలే గుర్తు) కుడి చేతి వైపు ఉండాలి. ఇండియాలో దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది, అక్కడ నేర్చుకున్నవాళ్ళు జాగ్రత్త.

ఆ తర్వాత పడవ చూపించే కుర్రాడు ఇరవై నిమిషాల్లో ముగించాలని చూస్తాడు. ముగించనివ్వకండి. ఇంజన్ వేయించి వెనక పైపు నుంచి చల్లబరిచే నీళ్ళు పడుతున్నాయో లేదో చూడండి. లంగరు మోటారుని రెండు మీటర్లు దించి, ఎత్తి చూడండి, దాని ఫ్యూజు స్విచ్ ఎక్కడుందో అడగండి. గాలి లేకపోతే ముందు తెరచాప పూర్తిగా విప్పి చిరుగులు వెతకండి. టాయిలెట్లు రెండూ పంపు చేయండి. డింగీ మోటారు మీ చేత్తో స్టార్ట్ చేయండి. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టి, పిల్లల సైజు ఉందో లేదో చూడండి. మన గుంపుల్లో ఈత రానివాళ్ళు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు, వాళ్ళకి స్నార్కెల్ వెస్టు విడిగా అడగండి. గ్యాస్ స్విచ్, మంటలార్పే సిలిండర్లు, ఆపదలో పిలిచే వీహెచ్‌ఎఫ్ రేడియో చానెల్ 16 పడవలో అందరికీ చూపించండి. పాత గీతలన్నీ ఫోటో తీసి అక్కడే కంపెనీకి పంపేయండి.

బయల్దేరే ముందు లోపల ఎగిరే ప్రతి వస్తువూ సర్దాలి. ల్యాప్‌టాప్, సీసాలు, బల్ల మీది మామిడిపళ్ళు ఏవీ వదలొద్దు. కిటికీలు, పైకప్పు మూతలు బిగించాలి. పడవ ఒరిగినప్పుడు కింది వైపు కిటికీ నీళ్ళలో మునుగుతుంది, అది తెరిచి ఉంటే పరుపు మీద సముద్రమే. కడుపులో తిప్పుడుకి మాత్ర ముందు రాత్రే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే దండగ. అప్పుడు మనిషిని పైకి తెచ్చి చుక్కాని చేతికివ్వండి. దూరంగా దీవిని చూస్తూ నడుపుతుంటే చాలామందికి సర్దుకుంటుంది.

గాలి 18, 20 నాట్స్ దాటుతోందంటే తెరచాపలు కుదించేయండి. 'కుదించాలా' అన్న ఆలోచన వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. తెరచాప తగ్గిస్తే పడవ తక్కువ ఒరుగుతుంది, వేగం పెద్దగా తగ్గదు, లోపల గొడవలు కూడా తగ్గుతాయి.

8. సాయంత్రం ఆగడం: మూరింగ్, లంగరు

సెలవు చెడేది సముద్రం మధ్యలో కాదు, సాయంత్రం ఆగే చోట. మొదటి రోజు తప్ప మధ్యాహ్నం రెండింటికల్లా చేరాలన్న నియమం పెట్టుకోండి.

చాలా బేలలో అడుగున బరువుకి కట్టిన తేలే బంతులుంటాయి, వాటినే మూరింగ్ అంటారు. నారింజ రంగువి బోటీబాల్ యాప్‌లో ఆ రోజు పొద్దున 7 గంటలకి బుక్ చేసుకోవాలి. నిమిషాల్లో అయిపోతాయి, తత్కాల్ టికెట్ కొట్టిన అనుభవం ఇక్కడ పనికొస్తుంది. మిగతావి ముందొచ్చినవాళ్ళవి. రాత్రికి 40 నుంచి 60 డాలర్లు అనుకోండి. నేషనల్ పార్క్స్ ట్రస్ట్ వాళ్ళవి పగటికి మాత్రమే, ఒక్కో చోట గంటన్నర.

పట్టుకునే తీరు ఇది. ముందుగా డింగీ తాడు పొట్టిగా లాగి కట్టండి, లేకపోతే రివర్స్ వేసినప్పుడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. కట్టేసి ఉన్న పడవలన్నీ ఏ దిక్కుకి ముక్కు పెట్టాయో చూడండి, గాలి అటు నుంచే. మీరూ అటే తిరిగి, నడిచేంత వేగంతో బంతి వైపు రండి. చివరి పది మీటర్లలో చుక్కాని దగ్గరున్నవాళ్ళకి బంతి కనిపించదు. ముందు నిలబడ్డ మనిషి బోట్‌హుక్‌తో (కొక్కెం ఉన్న పొడవాటి కర్రతో) దాన్నే చూపిస్తూ ఉండాలి. నోటితో కాదు, గాలిలో 'కుడికి, కుడికి' అన్నది వెనక్కి వినపడదు, వినపడినా ఎవరి కుడి అని గొడవ. బంతి మీది తాడు కొనలో కన్ను ఉంటుంది. దాన్ని పైకి ఎత్తి, మీ తాళ్ళు రెండు ఆ కన్నులోంచి దూర్చి, ఒకటి ఎడమ కొక్కేనికి, ఒకటి కుడి కొక్కేనికి కట్టాలి. అందకపోతే వదిలేసి ఇంకోసారి చుట్టి రండి. వదలకుండా బోట్‌హుక్‌తో పది టన్నుల పడవని ఆపాలని చూస్తే మనిషే నీళ్ళలో పడతాడు. అంతా అయ్యాక ఒకరు మాస్కు పెట్టుకుని దూకి, అడుగున గొలుసు, కలిపే కొక్కెం బాగున్నాయో చూడండి.

లంగరు వేయాల్సి వస్తే తెల్లటి ఇసుక ఉన్న చోటే వేయండి. గడ్డి మీద పట్టదు, పగడం మీద వేయకూడదు. లోతుకి నీటి నుంచి పడవ ముక్కు ఎత్తు కలిపి, దానికి ఐదు రెట్లు గొలుసు, గాలి ఎక్కువైతే ఏడు రెట్లు. తర్వాత మెల్లగా రివర్స్‌లో లాగి, ఒడ్డున రెండు గుర్తులు ఒక వరసలో పెట్టుకుని అవి కదలకుండా ఉన్నాయో చూసుకోండి.

9. వారం రోజుల దారి

గాలి తూర్పు నుంచి కదా, ఎదురుగాలి పని మొదటి సగంలోనే ముగించి, రెండో సగం గాలివాటుగా తిరిగి రావాలి. ఓపిక, ఉత్సాహం ఉన్నప్పుడే కష్టం.

అప్పగింతలు అయ్యేసరికి మధ్యాహ్నం అవుతుంది కాబట్టి మొదటి రోజు నార్మన్ దీవిలోని ద బైట్ చాలు, గంటన్నర, రెండు గంటలు. మర్నాడు ఎనిమిదింటికల్లా అక్కడి గుహల దగ్గర స్నార్కెల్ చేసి (మాస్కు, గొట్టం పెట్టుకుని నీటి మీదే ఈది), పక్కనే నీళ్ళలోంచి నిలబడ్డ 'ఇండియన్స్' రాళ్ళు చూసి తూర్పుకి బయల్దేరండి. ఎదురుగాలికి అడ్డదిడ్డంగా పోవాలి, తిన్నగా ఆరు మైళ్ళ దూరం తెరచాప మీద తొమ్మిది అవుతుంది. దారిలో సాల్ట్ దీవి దగ్గర 1867 అక్టోబరు 29 తుపానులో మునిగిన ఆర్‌ఎంఎస్ రోన్ ఓడ ఉంది. దాని వెనక భాగం లోతు తక్కువలో ఉంది, నీళ్ళు తేటగా ఉంటే పైనుంచి ఈదుతూనే కనిపిస్తుంది. ఆ రాత్రి కూపర్ దీవి, మాంచనీల్ బే. ఒడ్డున పచ్చటి చిన్న ఆపిల్ కాయల్లాంటివి రాలి ఉంటే ముట్టుకోవద్దు. అది మాంచనీల్ చెట్టు, కాయ విషం, పాలు తగిలితే బొబ్బలు. వాన పడితే ఆ చెట్టు కింద నిలబడకూడదు, పిల్లలకి ముందే చెప్పండి.

మూడో రోజు పొద్దున్న ఏడింటికి కదిలి వర్జిన్ గోర్డాలోని ద బాత్స్‌కి. ఇళ్ళంత గ్రానైట్ గుండ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి, కింద సముద్రపు నీళ్ళతో గదుల్లా ఏర్పడ్డాయి. హైదరాబాద్ గుట్టల్లో పెరిగినవాళ్ళకి ఆ రాళ్ళు కొత్తగా అనిపించవు, వాటి కిందికి ఈదుకుంటూ పోవడమే కొత్త. ఎర్ర జెండా ఉంటే ఒడ్డుకి వెళ్ళొద్దు, అలలు గుండ్లకి కొడతాయి. డింగీని తీరానికి తేనివ్వరు, బయట తాడుకి కట్టి ఈదాలి. తొమ్మిది దాటితే క్రూయిజ్ జనం దిగిపోతారు. మధ్యాహ్నానికి నార్త్ సౌండ్, చుట్టూ దీవులతో మూసినట్టుండే పెద్ద మడుగు.

నాలుగో రోజు అనెగడా. ఉత్తరంగా పదమూడు, పద్నాలుగు మైళ్ళు, గాలి పక్క నుంచి. మోనోహల్‌కి ఇంతకంటే మంచి నడక ఉండదు. మిగతా దీవులు కొండలు, ఇది పగడపు సున్నపురాయి బల్ల, ఎత్తు 30 అడుగులు కూడా లేదు. దగ్గరయ్యేదాకా దీవి కనిపించదు, ముందు చెట్ల తలలే కనిపిస్తాయి. చుట్టూ హార్స్‌షూ రీఫ్ అనే పగడపు దిబ్బ, ఓడల స్మశానం. కంపెనీ అనుమతి ఉంటేనే వెళ్ళండి. పదకొండు, రెండు గంటల మధ్య సూర్యుడు నెత్తిన ఉండగా చేరాలి. ముదురు నీలం లోతు, లేత ఆకుపచ్చ ఇసుక, గోధుమ రంగు పగడం, పోలరైజ్డ్ కళ్ళజోడు అక్కరకొచ్చేది ఇక్కడే. బోయ్‌ల దారి తప్పొద్దు. లోపల లోతు ఎనిమిది, తొమ్మిది అడుగులు, మీ కీల్ ఆరు, ఆరున్నర. లోబ్‌స్టర్ తినేవాళ్ళు మధ్యాహ్నమే రేడియోలో ఆర్డరు చెప్పాలి. ఫ్లెమింగోలు చెరువుకి దూరంగా ఉంటాయి, బైనాక్యులర్స్ మర్చిపోవద్దు.

ఐదో రోజు వెనక గాలితో జోస్ట్ వాన్ డైక్ దీవికి, పాతిక మైళ్ళ పైచిలుకు. వెనక గాలి మెత్తగా ఉన్నట్టు భ్రమ పెడుతుంది. పెద్ద తెరచాప అడుగున ఉండే దూలం, బూమ్, ఒక్కసారి ఇటు నుంచి అటు కొట్టుకుంటే తల పగులుతుంది, దాన్ని కదలకుండా తాడుతో కట్టేయండి. ఆరో రోజు శాండీ కే, వైట్ బే. చలికాలంలో ఉత్తరపు అలలు వచ్చిన రోజుల్లో వైట్ బే, కేన్ గార్డెన్ బే రెండూ రాత్రికి ఊపేస్తాయి. వాతావరణంలో 'నార్త్ స్వెల్' అని వింటే పగలు చూసి వచ్చేయండి.

ఆఖరి రాత్రి జోస్ట్‌లో ఉండొద్దు. అక్కడి నుంచి రోడ్ టౌన్ మళ్ళీ ఎదురుగాలే, మధ్యాహ్నం లోపు పడవ అప్పగించాలన్న తొందర. ఆరో రోజు పొద్దున్నే అవి చూసుకుని కదిలి పీటర్ దీవి గ్రేట్ హార్బర్ చేరితే, మర్నాడు ఛానెల్ దాటడమే మిగులుతుంది. మధ్యలో సెయింట్ జాన్ ఊరిస్తుంది, అది అమెరికా, ఇమిగ్రేషన్, కస్టమ్స్ క్లియరెన్స్ లేకుండా అటు పోకూడదు.

ప్రమాదం జరిగితే చానెల్ 16, లేదా ఫోన్‌లో 767. సముద్రంలో ఆదుకునే విసార్ సంస్థ వాలంటీర్లు వస్తారు. పర్మిట్ లేకుండా చేపలు పట్టొద్దు. ఒడ్డున ఏ కొట్టుకి వెళ్ళినా ముందు 'గుడ్ మార్నింగ్' చెప్పి తర్వాత పని చెప్పండి. నేరుగా ధర అడిగితే ఇక్కడ మర్యాద కాదు, సమాధానం కూడా అలాగే వస్తుంది.

10. అప్పగింత

తిరిగొచ్చే పొద్దున్న డీజిల్ రేవులో వరస ఉంటుంది, తొమ్మిదింటికల్లా అక్కడుండండి. పని చేయనివి ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, తర్వాత ఎక్కేవాళ్ళకి మేలు. తగిలినవీ దాచొద్దు, వాళ్ళ డైవర్ కిందికి దిగి కీల్ చూస్తాడు. ఫెర్రీ మధ్యాహ్నం రెండు తర్వాతది తీసుకోండి, బయల్దేరే పన్నుకి కొంచెం నగదు ఉంచుకోండి. సెయింట్ థామస్ నుంచి విమానం అదే రోజైతే నాలుగు గంటల తేడా ఉండాలి. అక్కడ ఫెర్రీ దిగగానే ఒకసారి, విమానాశ్రయంలో ఇంకోసారి అమెరికా అధికారులు కాగితాలు చూస్తారు, పాస్‌పోర్టులు అడుగు సంచిలో పెట్టేయకండి.